చర్మం జబ్బుకి కార్డు చెల్లదా?

"కార్డు మీద చూసే చర్మం డాక్టరు తెనాల్లో ఎవరన్నా ఉన్నారాండీ?"

తెనాలిలో గృహహింస చట్టం గురించి మేం పెట్టుకున్న ఒక చిన్న సమావేశం చివర్లో వచ్చిన ప్రశ్న ఇది. అడిగినావిడ రేపల్లె వైపు పల్లె నుంచి వచ్చింది. నాట్లకీ కలుపులకీ వెళ్ళే మనిషి. సమావేశం జరుగుతున్నంతసేపూ నోరు విప్పలేదు. అందరూ లేచి వెళ్తుంటే వెనక ఆగి, చుట్టూ చూసుకుని అడిగింది. ఎనిమిది నెలలుగా తామర. లంగా బొందు ఒరిసే చోట మొదలై తొడల సందుల్లోకి, నడుం చుట్టూ పాకింది. ఊళ్ళో ఆరెంపీ దగ్గర సూది వేయించుకుంది. మందుల షాపులో ఇచ్చిన పూతమందు రాసింది. రాసిన నాలుగు రోజులూ చల్లగా ఉంటుంది, ఆపితే రెట్టింపవుతుంది. ఇప్పుడు ఇంట్లో పిల్లలకీ వచ్చింది.

ఆసుపత్రిలో అడగలేదా అన్నాను. "అడిగాను మేడం. ఆపరేషనైతే కార్డు పనిచేసిద్దంట. గోకుడుకి ఆపరేషనుండదుగా!" అని నవ్వింది.

స్త్రీల ఆరోగ్యం మీద ఇరవై ఏళ్ళుగా ఏదో ఒకటి రాస్తూ, మాట్లాడుతూ వస్తున్నాను. ప్రసూతి మరణాల గురించి, కుటుంబ నియంత్రణ పేరుతో జరిగిన బలవంతాల గురించి, గర్భసంచి ఆపరేషన్ల గురించి. చర్మం గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదని ఆ రోజు స్పృహకొచ్చింది. మన ఉద్యమం కూడా స్త్రీ శరీరాన్ని గర్భాశయం చుట్టూనే చూసిందేమోనని అనుమానం. ఆ తర్వాత కొన్ని నెలలు తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఏ పని మీద వెళ్ళినా ఆవిడ ప్రశ్ననే నేనూ అడుగుతూ తిరిగాను. దొరికిన సమాధానాలు ఆవిడ నవ్వుకి మించి ఏమీ చెప్పలేదు గానీ, ఎందుకలా అన్నది కొంత అర్థమయింది.

ముందు ఆ కార్డు సంగతి చూద్దాం. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. ప్రభుత్వాలతో పాటు పేరూ మారుతూ వచ్చింది. ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్ళీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. మొదట్లో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే పైన మరో 50 వేలు. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచారు. ఒకప్పుడు 942గా ఉన్న చికిత్సల జాబితా 3,257కి చేరింది. పేరు ఏదైనా, అంకె ఎంతైనా, లోపలి నిర్మాణం మాత్రం మారలేదు. పథకం కొనేది ప్యాకేజీని. ప్యాకేజీ అంటే ఆసుపత్రిలో చేర్చుకోవడం, ఒక పేరున్న చికిత్స చేయడం, డిశ్చార్జి చేయడం, బిల్లు పెట్టడం. డాక్టరు ఎదురుగా పది నిమిషాలు కూర్చుని, వెలుతురులో మచ్చ చూపించి, ఆరు వారాలకి మందు రాయించుకుని వచ్చేది ప్యాకేజీ కాదు.

జాబితాలో చర్మ వ్యాధులు అసలు లేకపోలేదు. పెంఫిగస్ ఉంది. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోం ఉంది. టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రాలిసిస్ ఉంది. ఇవేమిటంటే, ఒళ్ళంతా బొబ్బలెత్తి పుండ్లు పడటం, మందు వికటించి కాలిన శరీరంలా చర్మం ఊడిరావడం. ప్రాణం పోయే స్థితులు. వాటికి డబ్బివ్వడం సరైనదే. కానీ చర్మం ఊడిపోయే దాకా చర్మాన్ని గుర్తించని పథకం ఇది. తామర, గజ్జి, సోరియాసిస్, బొల్లి, మంగు, చేతుల పగుళ్ళు ఎవరినీ చంపవు కాబట్టి అవి లెక్కలోకి రావు.

"చర్మం డాక్టర్లు కార్డు తీసుకోవడం లేదు" అని మన కార్యకర్తలు చాలామంది ఆరోపణగా అంటారు. ఆ మాటలో కొంత పొరపాటు ఉంది. పథకం మొదలైనప్పుడు నెట్‌వర్క్‌లో చేరాలంటే ఆసుపత్రికి కనీసం 50 పడకలు ఉండాలన్నారు. చర్మ వైద్యానికి పడకతో పనేముంది? ఒక గది, ఒక బల్ల, మంచి వెలుతురు, ఒక భూతద్దం, అనుభవమున్న కన్ను. ఈ మూడు ఊళ్ళలోనే కాదు, రాష్ట్రంలో ఎక్కడైనా చర్మ వైద్యులు మేడ మీదో మందుల షాపు వెనకో చిన్న క్లినిక్‌లో కూర్చుంటారు. వాళ్ళు కార్డును తిరస్కరించడం కాదు, కార్డే వాళ్ళ గడప తొక్కేలా తయారు కాలేదు. తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెల్ప్ డెస్క్ దగ్గర కూర్చున్న అమ్మాయి ఈ సంగతి నాకు చాలా ఓపిగ్గా చెప్పింది. ఆమెకున్న కంప్యూటర్ తెరలో తామరకి గడి లేదు. ఆమెను తిట్టి ప్రయోజనం లేదు.

కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌దీ ఇదే తర్కం. 2024 అక్టోబరులో డెబ్భై దాటిన వారందరికీ దాన్ని వర్తింపజేశారు. డెబ్భై దాటిన ముసలమ్మలకి చర్మం ఎండి, పగిలి, రాత్రంతా నిద్రపట్టనివ్వని దురద ఉంటుందని ఇంట్లో ముసలివాళ్ళున్న ఎవరికైనా తెలుసు. ఆ దురదకి కూడా అందులో చోటు లేదు.

అయితే బయటిరోగి వైద్యానికి బీమా అసాధ్యమని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఈ దేశంలోనే 1948 నాటి ఈఎస్ఐ చట్టం కింద డిస్పెన్సరీలో చూపించుకోవడం, నిపుణుల దగ్గరికి పంపడం, మందులు ఇవ్వడం, పని మానుకున్న రోజులకి సొమ్ము చెల్లించడం అన్నీ ఉన్నాయి. ఫ్యాక్టరీ గేటు లోపల జీతం చిట్టాలో పేరున్న కార్మికుడికి ఇచ్చారు. 2017లో జీతం పరిమితిని 21,000 రూపాయలకు పెంచారు. వరి పొలంలో వంగి నాటేసే స్త్రీకి గేటూ లేదు, చిట్టా లేదు. అందుకని ఆవిడకి వచ్చింది పడక మీద మాత్రమే చెల్లే కార్డు. ఇక్కడ తేడా వైద్యశాస్త్రంలో లేదు, ఎవరి శ్రమను శ్రమగా గుర్తించారన్న దానిలో ఉంది.

ఇదే కార్డు స్త్రీల శరీరంలో దేని మీద అమితమైన ఆసక్తి చూపిందో గుర్తు చేసుకోవాలి. పథకం వచ్చిన తొలి సంవత్సరాల్లో తెలుగు జిల్లాల్లో ముప్ఫై ఏళ్ళు కూడా నిండని స్త్రీలకి గర్భసంచులు తీసేశారు. తెల్లబట్ట అవుతోందని వెళ్తే "క్యాన్సరొస్తుంది, తీసేద్దాం" అన్నారు. దాని మీద మన సంఘాలూ, డాక్టర్లలో కొందరూ గొడవ చేసిన తర్వాతే ఆ ఆపరేషన్లను పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేశారు. అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు మార్గదర్శకాలు అమలు చేయమని చెప్పాల్సి వచ్చింది. కోసి తీసేయడానికి రేటు కట్టారు కాబట్టి కోతలు పెరిగాయి. చూసి, మాట్లాడి, నయం చేసి పంపడానికి రేటు కట్టలేదు కాబట్టి అది జరగడం లేదు. తెల్లబట్టకి గర్భసంచి తీయించుకున్న స్త్రీ, అదే తొడల మధ్య తామరతో ఏళ్ళ తరబడి బాధపడటం నేను చూశాను. మొదటిదానికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదంది. రెండోదానికి ఎంతయిందో లెక్క పెట్టడం మానేసింది.

కృష్ణా డెల్టా పశ్చిమాన ఈ మూడు ఊళ్ళ మధ్య నేల తెలిసిన వాళ్ళకి చర్మం ఎంత పెద్ద విషయమో చెప్పనక్కర్లేదు. నాట్ల కాలంలో వారాల తరబడి బురదలో నిలబడితే కాలివేళ్ళ సందులు పాసి పుళ్ళు పడతాయి. దుగ్గిరాల, కొల్లిపర వైపు కంద తవ్వితే చేతులు దురద, పసుపు పనిలో దుమ్ము. నిజాంపట్నం వైపు రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళ వేళ్ళు ఐసు నీళ్ళలో నాని, పెంకు గీరుకుని, గోళ్ళ చుట్టూ చీము పట్టి ఉంటాయి. పురుగు మందు కొట్టిన చేలో కలుపు తీసిన చేతుల మీద దద్దుర్లు. ఇంటికొస్తే అంట్ల సబ్బు, బట్టల సోడా. తడిసిన చీరె, తడిసిన లంగా మార్చుకోవడానికి పొలం గట్టు మీద చాటు లేదు, ఆ తడిబట్టతోనే సాయంత్రం దాకా పని. తామర రావడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఇంకేముంటుంది? ఇవన్నీ వృత్తి వల్ల వచ్చే జబ్బులే. కానీ వీటిని వృత్తి జబ్బులని ఎవరూ అనరు, "శుభ్రత లేదు" అంటారు. ఆ మాట డాక్టర్లూ అంటారు, అత్తగార్లూ అంటారు. జబ్బుతో పాటు నింద కూడా ఒంటికి అంటుకుంటుంది.

స్టిక్కర్ బొట్టు సంగతీ చెప్పాలి. దాని జిగురులో ఉండే ఒక రసాయనం వల్ల కొందరికి సరిగ్గా బొట్టు పెట్టుకునే చోటే చర్మం రంగు పోయి తెల్లబడుతుందని చర్మ వైద్యులు చాలాకాలంగా రాస్తున్నారు. అది మామూలు బొల్లి కాదు, అంటువ్యాధి అసలే కాదు. అది పోల్చి చెప్పగల కన్ను దగ్గరలో లేకపోతే ఏమవుతుంది? ఆ తెల్లమచ్చ మీద ఇంకా పెద్ద స్టిక్కరు పెడతారు. బాపట్లలో ఒక టీచరు ఏడేళ్ళు అలాగే పెట్టుకుందని చెప్పింది. చదువుకున్న మనిషి, ఉద్యోగస్తురాలు, ఉద్యోగుల ఆరోగ్య కార్డు చేతిలో ఉన్న మనిషి. "మచ్చ కనపడితే మా అమ్మాయి పెళ్ళికి అడ్డమొస్తుంది కదండీ" అంది.

పెళ్ళి దగ్గరికొచ్చేసరికి చర్మం స్త్రీకి ఆస్తి పత్రం లాంటిదవుతుంది. మగవాడి మొహాన మచ్చ ఉంటే ఉద్యోగం ఏమిటని అడుగుతారు. ఆడపిల్ల చేతి మీద రూపాయంత మచ్చ ఉంటే సంబంధం తిరిగిపోతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో కుష్ఠును విడాకులకి కారణంగా రాసి పెట్టారు. మందుతో పూర్తిగా నయమయ్యే జబ్బని తేలిన తర్వాత కూడా దశాబ్దాల పాటు దాన్ని అలాగే ఉంచి, 2019లో తొలగించారు. బొల్లి ఏ చట్టంలోనూ లేదు. చట్టం లేకుండానే పుట్టింటికి పంపించేస్తారు. అలా పంపించేసిన స్త్రీ పేరు భర్త ఇంటి బియ్యం కార్డులోనే ఉండిపోతుంది. విడాకుల కాగితం చూపిస్తే తప్ప పేరు విడదీయించుకోవడం తలకు మించిన పని. ఆరోగ్య కార్డు కుటుంబానిది. కుటుంబమంటే ఎవరి దృష్టిలో ఎవరు? ఏ మచ్చ కారణంగా ఆమెను బయటికి పంపారో, ఆ మచ్చకి వైద్యం కోసం అదే ఇంటి కార్డు అడుక్కోవాలి. అదృష్టవశాత్తూ, అది ఎటూ చెల్లదు!

ఇంకో అడ్డంకి బోర్డు. మన ఊళ్ళలో చర్మ వైద్యుల బోర్డులు ఎలా ఉంటాయో చూడండి. "చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల నిపుణులు". వైద్య విద్యలో ఈ మూడూ ఒకే శాఖ. గుంటూరు సర్వజనాసుపత్రిలోనూ అది డెర్మటాలజీ, వెనెరియాలజీ, లెప్రసీ విభాగమే. శాస్త్రం దృష్టిలో తప్పేం లేదు. కానీ ఆ బోర్డు కింద బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ఆడమనిషిని దారిన పోయే బంధువు చూస్తే ఏమనుకుంటాడు? మగవాళ్ళు తెచ్చిపెట్టిన జబ్బులకి కూడా "సుఖ" వ్యాధి అని పేరు పెట్టిన భాష మనది. ఎవరి సుఖం? పెళ్ళికాని పిల్లని మొటిమలకి కూడా ఆ క్లినిక్‌కి తీసుకెళ్ళడానికి తల్లులు భయపడతారు. ఊరు దాటి గుంటూరో విజయవాడో వెళ్ళడానికి కారణం ఒక్కోసారి మంచి డాక్టరు కాదు, తెలిసిన మొహాలు కనపడకపోవడం. భీమా ఉన్నా లేకున్నా ఈ భయానికి ఖర్చుంది. ఆ బోర్డు మార్చమని అడగడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు.

కుష్ఠు మాట వచ్చింది గనుక తెనాలి చరిత్రలో ఒక ముక్క గుర్తు చేస్తాను. ఈ ప్రాంతంలో ఒకప్పుడు కుష్ఠు ఎక్కువ. గ్రేటర్ తెనాలి లెప్రసీ ట్రీట్‌మెంట్ అండ్ ఎడ్యుకేషన్ స్కీమ్ అనే సంస్థ ఇక్కడ పుట్టింది ఆ జబ్బు మీద పనిచేయడానికే. దాని పేరును కుదించి గ్రెట్నాల్టెస్ అంటారు. దేశంలో 1983 నుంచి బహుళ ఔషధ చికిత్స వచ్చాక కుష్ఠు కార్యక్రమానికి ప్రత్యేకంగా సిబ్బంది ఉండేవాళ్ళు. వాళ్ళు ఊరూరా తిరిగి, బడిలో పిల్లల వీపులు చూసి, మచ్చ మీద దూదితో తాకి స్పర్శ తెలుస్తోందా అని అడిగేవాళ్ళు. అంటే ఒకప్పుడు రాజ్యం ఇంటికి వచ్చి మన చర్మాన్ని చూసేది. భయంతో చూసేది, ఊరి నుంచి వెలి వేయడానికీ అది దారితీసేది, మగ సిబ్బంది ఎక్కువ కావడంతో స్త్రీల ఒంటి మీద మచ్చలు చాలా వరకు చూడబడకుండానే పోయేవి. అవన్నీ నిజమే. అయినా మచ్చకీ మచ్చకీ తేడా తెలిసిన మనిషి పల్లెలోకి వచ్చేవాడు. పది వేల జనాభాకి ఒకటి కంటే తక్కువ కేసులున్నాయంటూ 2005 చివర్లో జాతీయ స్థాయిలో కుష్ఠు నిర్మూలన సాధించామని ప్రకటించారు. పనిని సాధారణ ఆరోగ్య సిబ్బందికి అప్పగించారు. జబ్బు పోలేదు, చూసే కళ్ళు తగ్గాయి. కుష్ఠుకి మందు ఇప్పటికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పూర్తిగా ఉచితం. కానీ ఫలానా మచ్చ కుష్ఠా, తామరా, ఉత్త పాలిపోవడమా అని ముందు ఎవరో చెప్పాలి కదా. చెప్పేవాళ్ళు లేక ఆలస్యమైన కొద్దీ నరం దెబ్బతింటుంది, వేలు వంకరపోతుంది. అప్పుడు దిద్దుబాటు ఆపరేషన్ కావాలి. పడక, కోత వచ్చేసరికి పథకాలు మళ్ళీ మేలుకుంటాయి.

డాక్టరు లేని చోటును మందుల షాపు నింపుతుంది. తామరకి షాపుల్లో ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో బూజును చంపే మందుతో పాటు గాఢమైన స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల దురదా ఎరుపూ రెండు రోజుల్లో తగ్గుతాయి. బూజు మాత్రం చర్మంలో నిక్షేపంగా పెరుగుతుంది. చర్మం పలచబడి, తొడల మీద చారలు పడతాయి. ఇలాంటి వాడకం వల్లనే మన దేశంలో తామర మొండికేసిందని చర్మ వైద్యులు మొత్తుకుంటున్నారు. మామూలు మందుకి లొంగని ఒక రకం బూజుకి 2020లో శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే. మన దేశం పేరు అలా అందులోకెక్కింది. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఈ మూడు ఊళ్ళలో నేను చీటీ లేకుండా అడిగిన ఏ షాపులోనూ నాకు లేదనలేదు. షాపువాళ్ళు దుర్మార్గులని కాదు. చీటీ రాసే మనిషి ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉంటే చీటీ నిబంధనకి అర్థమేముంటుంది?

మొహానికి రాసే తెల్లబరిచే క్రీముల కథ ఇంకా ఘోరం. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన ట్యూబును మంగు మచ్చలకని డాక్టర్లు కొద్ది వారాలకి రాస్తారు. పిల్లలు దాన్ని స్నో లాగా ఏళ్ళ తరబడి రాస్తారు. మొహం ఎర్రబడి, వెంట్రుకలు మొలిచి, ఎండలోకి వెళ్తే మండిపోతుంది. రంగు మోజు ఎవరు నేర్పారో మనకి తెలుసు. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి "ఫెయిర్" తీసేయడానికి 2020 దాకా ఆగింది. పెళ్ళిళ్ళ మార్కెట్టు ఇంకా ఆగే ఉంది.

ఇక దూరం. రేపల్లె రైలు కట్టకి చివర. అక్కడి నుంచి రైలు తెనాలికి, అక్కడి నుంచి గుంటూరుకి వెళుతుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక రేపల్లె బాపట్ల జిల్లాలో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. రేపల్లె నుంచి జిల్లా కేంద్రమైన బాపట్లకి రైల్లో పోవాలంటే పక్క జిల్లాలోని తెనాలి వచ్చి బండి మారాలి. బాపట్లకి మంజూరైన ప్రభుత్వ వైద్య కళాశాలకి 2021 మేలో శంకుస్థాపన చేశారు. అది పూర్తయితే అక్కడొక బోధనాసుపత్రి, దానిలో ఒక చర్మ విభాగం వస్తాయనుకున్నాం. 2025 సెప్టెంబరులో ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టాలని మంత్రివర్గం నిర్ణయించిన పది కళాశాలల్లో బాపట్ల కూడా ఉంది. కాబట్టి మొత్తం ఈ ప్రాంతానికి రోజూ చర్మ విభాగం నడిచే రాష్ట్ర ప్రభుత్వ బోధనాసుపత్రి అంటే గుంటూరే. రేపల్లె వైపు పల్లె నుంచి అక్కడికి ఒక స్త్రీ వెళ్ళాలంటే ఒక రోజు కూలి పోతుంది. తోడు వచ్చిన మనిషి కూలీ పోతుంది. తామరకి ఒకసారి వెళ్తే సరిపోదు. 2019 డిసెంబరులో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకి 225 రూపాయల చొప్పున "ఆసరా" మొదలుపెట్టారు. జబ్బంటే కూలి పోవడం కూడా అని రాజ్యం ఒప్పుకున్న అరుదైన సందర్భమది. ఆ ఒప్పుకోలు కూడా పడక దగ్గరే ఆగింది.

ఫోనులో ఫొటో పంపితే పెద్ద డాక్టరు చూస్తాడు కదా అని అధికారులంటారు. 2019లో వచ్చిన ఈ-సంజీవని ఉంది, విలేజ్ క్లినిక్కులు ఉన్నాయి. చేతి మీద మచ్చకి బాగానే ఉంటుంది. తొడ మీద మచ్చని ఎవరు ఫొటో తీస్తారు, ఆ ఫొటో ఎవరి ఫోనులో ఉంటుంది అని ఆశా కార్యకర్తలని అడగండి, చెబుతారు.

మరి ఏం అడగాలి? మన మిత్రుల్లో ఒక వర్గం బయటిరోగి వైద్యాన్ని కూడా వైద్యసేవలో చేర్చి, ప్రైవేటు చర్మ క్లినిక్కులకి ప్రభుత్వమే ఫీజు కట్టాలంటుంది. నాకు దీని మీద భయాలున్నాయి. గర్భసంచుల అనుభవం తర్వాత భయపడకపోతే తప్పు. చర్మ వైద్యం ఇప్పటికే లేజర్లూ, జుట్టు మొలిపించడాలూ, తెల్లబరచడాల వైపు పరుగెడుతోంది. అక్కడికి మరో బిల్లుల యంత్రాన్ని పంపితే తామర మళ్ళీ బెంచీ చివర్లోనే కూర్చుంటుంది. పైగా బకాయిలు పేరుకున్నాయని నెట్‌వర్క్ ఆసుపత్రులు 2024 మేలో ఒకసారి, 2025 అక్టోబరులో మరోసారి సేవలు ఆపేశాయి. పెద్ద ఆసుపత్రులే ఆగితే చిన్న క్లినిక్ ఎన్నాళ్ళు ఓపిక పడుతుంది?

నేను అడగమనేది అంత కంటే పాత కోరిక. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వాసుపత్రుల్లో వారంలో ఒక నిర్ణీత రోజు చర్మ వైద్యులు కూర్చోవాలి. ఆ రోజు ఊళ్ళన్నిటికీ తెలియాలి. గుంటూరు నుంచి డాక్టరు రైలెక్కి రావడం, వందమంది కూలి మానుకుని గుంటూరు వెళ్ళడం, ఈ రెండింట్లో ఏది చౌక? చాలా చోట్ల చేసినట్లు వారానికి సరిపడా మాత్రలిచ్చి మళ్ళీ రమ్మనకుండా పూర్తి కోర్సు ఒకేసారి ఇవ్వాలి. ఇంట్లో అందరికీ ఇవ్వాలి. తామరైనా గజ్జైనా ఒక్కళ్ళకి వైద్యం చేస్తే పోదు. గజ్జికి ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు రాసుకోవాలి, దుప్పట్లతో సహా బట్టలన్నీ ఉడకబెట్టాలి. ఆ ఉడకబెట్టేది ఎవరో వేరే చెప్పాలా? 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ చర్మ వ్యాధులను ప్రజారోగ్య ప్రాధాన్యంగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. కలెక్టర్లకిచ్చే వినతి పత్రంలో ఆ మాట ఉదహరించవచ్చు. అలాంటి మాటలకి అక్కడ కాస్త విలువుంటుంది.

ఆ రేపల్లె ఆవిడ చివరికి గుంటూరు వెళ్ళింది. నేను తోడు వెళతానన్నాను గానీ అక్కర్లేదంది. ఊళ్ళో ఇంకో నలుగురికి చెప్పిందట, అయిదుగురూ కలిసి పొద్దున బండికి వెళ్ళారు. "సినిమాకి పోతన్నామని చెప్పాం మేడం" అంది ఫోన్లో. డాక్టరు ఇంట్లో అందరూ మందు వాడాలన్నారు. పిల్లలకి వాడుతోంది. భర్త మాత్రం నాకేం లేదంటాడు. "రాత్రంతా గోకుతానే ఉంటాడు. కార్డులో పేరు ముందాయనదే, మందు దగ్గర మాత్రం నేనెందుకంటాడు" అని మళ్ళీ అదే నవ్వు.

ఈ పత్రిక చదివే మిత్రులకి ఒక పని చెబుతున్నాను. మీ ఊరి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి కనుక్కోండి. చర్మ డాక్టరు ఉన్నారా, ఏ రోజు, ఎన్ని గంటలకి? తామరకి ఎన్ని రోజుల మందు ఇస్తున్నారు? బయట బోర్డు మీద ఏమని రాసి ఉంది? ఒక స్త్రీ చీర తొలగించి చూపించుకోవడానికి తలుపున్న గది ఉందా? రాసి పంపండి. వచ్చే సంచికలోగా అందితే ఆ కాగితాలన్నీ కలిపి మూడు ఊళ్ళ నుంచీ ఒకే రోజు తీసుకువెళదాం.